అగ్గిపెట్టెల పళ్ళెం

ముడి చమురును అంశిక స్వేదనంతో వేరుచేసే పాఠాన్ని నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏటా చెప్పాను. బాగా చెప్పాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లోవాళ్ళు నవ్వి, నీకు గొప్పలెక్కువ అంటారు. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి మొహమాటమెందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. కొత్తగా సైన్సు టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "ఆ ప్రయోగం చేసి చూపించే వీలెక్కడుంది మేడం, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేస్తాం" అంటారు. బొమ్మ గీయడం నాకూ వచ్చు. కానీ బెల్లంపల్లిలో ఒక ఏడు ఆ పాఠాన్ని బొమ్మతో సరిపెట్టి ఉంటే, మా బళ్ళో ఆడపిల్లలకు సైన్సు అనేదే లేకుండా పోయేది. ఆ సంగతి వాళ్ళ కోసం రాస్తున్నాను.

మాది సుల్తానాబాదు దగ్గర మగ్గాల ఇల్లు. చిన్న తరగతులు ఉర్దూలో, పెద్ద తరగతులు తెలుగులో, డిగ్రీ ఇంగ్లీషులో చదివాను. మూడు భాషల్లోనూ సైన్సు ఒకటేనని అప్పుడే తేల్చుకున్నాను. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు నన్ను బెల్లంపల్లిలో ఒక హైస్కూలుకు వేశారు. ఊరంతా బొగ్గు. అక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. బాయి కూత మీదే ఊరు లేస్తుంది, అన్నం తింటుంది, పడుకుంటుంది. నేను తెల్ల చీర కట్టుకొని బడికి పోయిన మొదటి రోజు సాయంత్రానికి అది ఏ రంగు చీరో చెప్పడం కష్టమయింది. ఆ తర్వాత నేను తెల్ల చీర కట్టలేదు.

ఆ ఏడే మా బళ్ళో ఆడపిల్లలను సైన్సు తీసుకోనిచ్చారు. అంతకుముందు వాళ్ళకు కుట్లు, అల్లికలు ఉండేవి. చేరింది గుప్పెడు మంది. ఎక్కువ మంది బాయి పనివాళ్ళ బిడ్డలే. అందులో ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగు జడతో, ప్రశ్న అడగాలంటే ముందు లేచి నిలబడి తర్వాత ఆలోచించే రకం. వాళ్ళ నాన్న బాయిలో బొగ్గు కొట్టే మనిషి. ఈ కథ ఆ పిల్లదే, నేను మధ్యలో ఉన్నానంతే. మధ్యలో ఉండటం కూడా చిన్న పనేం కాదు.

సైన్సు గదిలో నాకు తోడు మౌల్వీసాబు. నిజానికి ఆయన మౌల్వీ కాదు, నాకంటే ఇరవయ్యేళ్ళ ముందు అదే బళ్ళో సైన్సు చెప్పిన పెద్దాయన. ఉర్దూ మీడియం పోయాక ఆయన చేతిలో ఉర్దూ క్లాసులూ సైన్సు గది తాళాలూ మిగిలాయి. పేరు మాత్రం పిల్లలే పెట్టారు. ఆయన తాళాలిచ్చేటప్పుడు ముఖం ముడుచుకుంటారేమో అనుకున్నాను. ఆయన ఒక్కో గాజు గొట్టం తీసి, అది ఏ ఏడు ఎవరి చేతిలో ఎలా పగలబోయి బతికిందో చెబుతూ ఇచ్చారు.

ముడి చమురు పాఠం వచ్చేసరికి అసలు ముడి చమురు ఎక్కడిది? మన దగ్గర బొగ్గుంది, చమురు లేదు. నేను దాన్ని తయారు చేద్దామనుకున్నాను. కొంచెం పెట్రోలు, కొంచెం కిరోసిను, కొంచెం డీజిలు, లారీ ఇంజనులోంచి తీసిన నల్లటి నూనె కలిపితే చూడటానికీ వాసనకూ ముడి చమురు లాగే ఉంటుంది. మౌల్వీసాబు తమ్ముడికి లారీల షెడ్డు ఉండేది. అక్కడినుంచి సీసాలు వచ్చాయి. క్లాసులో ఈ సంగతి చెప్పగానే పొడుగు జడ పిల్ల లేచి నిలబడింది.

"మీరే కలిపి మల్ల మీరే ఇడదీసుడెందుకు టీచర్?"

క్లాసంతా నవ్వింది. నాకు ఆ ప్రశ్న నచ్చింది. కలపడం ఎవరికైనా వస్తుంది, విడదీయడానికి చదువు కావాలి అన్నాను. ఇంకో పిల్ల, "మా అవ్వ బియ్యంల రాళ్ళు చదువు లేకుంటనే ఇడదీస్తది టీచర్" అంది. నేనూ నవ్వాను.

గొట్టం విషయంలో మాత్రం పిల్లలే నన్ను ఆదుకున్నారు. చమురు మరిగే గాజు కుప్పె మీద నిలబెట్టే పొడుగు గొట్టంలో గాజు పూసలు నింపాలి. ఆవిరి వాటిని తాకుతూ పైకి పోతుంటే, తొందరగా మరిగేది పైకి దాటిపోతుంది, ఆలస్యంగా మరిగేది చల్లబడి మళ్ళీ కుప్పెలోకి కారుతుంది. ఒక్కో నూనె దాని దాని వేడికి విడిగా బయటికి వచ్చేది ఆ గొట్టం వల్లనే. పూసలు కొనే దిక్కు లేదు. మరునాడు పిల్లలు పావడా చెరగుల్లో పగిలిన గాజుల ముక్కలు తెచ్చి బల్ల మీద పోశారు. వాళ్ళు గచ్చకాయలు, గాజు పెంకులు ఆడుకునే వయసు ఇంకా దాటలేదు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ముక్కలు గొట్టంలో పోసి ఎత్తి చూపిస్తే అందరూ ఎవరి ముక్కలు ఎక్కడున్నాయో వెతుక్కున్నారు.

ఆ రోజు ప్రయోగం జరగలేదు. కుంపటి ఇంకా రాజేయనే లేదు. బల్ల మీద వెడల్పు గిన్నెలో నూనెలు కలుపుతున్నాం, పెట్రోలు వాసన గదంతా ఉంది. అప్పుడు మా హెడ్మాస్టరు గారు లోపలికి వచ్చారు.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మంచి మనిషి. ఆ బడికి రేకులు వేయించింది, సైన్సు గదికి బల్లలు తెప్పించింది, ఆడపిల్లలను సైన్సులో చేర్చుకుంటానని ఊరి పెద్దలతో వాదించింది ఆయనే. ఆయనకు ఉన్న ఒకే జబ్బు సిగరెట్టు. ఒకటి ఆరేలోపు ఇంకొకటి అంటించేవారు. బడి ఆవరణలో ఎక్కడికి పోయినా ఆయన ముందు పొగ వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవారు. ఆ రోజు కూడా "ఏం కలుపుతున్నరమ్మా, ముక్కులు పగులుతున్నయి" అంటూ లోపలికి వచ్చి, ఆరిపోయిన సిగరెట్టును మళ్ళీ అంటించడానికి అగ్గిపుల్ల గీశారు.

నేను "సార్" అని అరిచే లోపల మంట బల్ల మీదుగా పాకి, కిటికీకి కట్టిన నల్లగుడ్డ పర్దాను పట్టుకుంది. మౌల్వీసాబు ఇసుక బకెట్టు ఎత్తి కుమ్మరించారు. నేను పిల్లలను బయటికి తోశాను. అంతా అయిపోయాక చూసుకుంటే బల్ల పైభాగం మాడింది, పర్దా పోయింది, ఆ పొడుగు జడ కొస కాలి ముడుచుకుపోయింది. ఎవరికీ ఒంటి మీద ఏమీ కాలేదు. హెడ్మాస్టరు గారు గోడకు ఆనుకొని నిలబడ్డారు. చేతిలో సిగరెట్టు లేదు, ఎక్కడ పడేశారో తెలియదు.

ఆ సాయంత్రానికి ఊళ్ళో మాట ఇంకో విధంగా నడిచింది. "సైన్సంటూ ఆడివిల్లలు బడికి నిప్పు వెట్టిన్రు" అన్నారు. హెడ్మాస్టరు గారు ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు. పెద్దలు అడిగితే "జర ప్రమాదం జరిగింది, ఫికర్ లేదు" అని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలోనే నేరం పిల్లల మీద పడిపోయింది. నేను మరునాడే ఆయన గదికి పోయి తలుపు వేసి, "సార్, ఆ నిప్పు ఎవరిదో మీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాను. నాకు భయం లేదని కాదు, కోపం ఎక్కువగా ఉంది. ఆయన తల ఎత్తలేదు. "నాకు ఇజ్జత్ ఉండాలె గదమ్మా, బడి నడపాలె" అన్నారు. ఆయన గొంతు విన్నాక నా కోపం సగం చల్లారింది, అది నాకు నచ్చలేదు.

పెద్దలు కూర్చొని, ఆడపిల్లలను మళ్ళీ కుట్లకు పంపాలన్నారు. చివరి మాట స్కూళ్ళ ఇన్స్పెక్టరు గారిది. ఆయన తనిఖీకి వచ్చినప్పుడు చూసి తేలుస్తారు, అంతవరకు క్లాసు నడుస్తుంది. సరే, ఆయన ముందు ఇదే ప్రయోగం చేసి చూపిస్తాను అన్నాను. మౌల్వీసాబు మాత్రం ఒప్పుకోలేదు.

"బేటీ, మొగులు మీది నుంచి పిడుగు వడ్డ చోటనే మల్ల నిలవడ్తనంటున్నవ్."

"పిడుగు మొగులు మీది నుంచి పడలేదు కదా మౌల్వీసాబ్."

ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. "తఖ్తీర్ అంటేనే సబర్. మంట వెద్దగ జేస్తే అన్నీ ఒక్కపారే లేస్తయి. జర నిమ్మలంగ జెయ్" అన్నారు. సబర్ అంటే ఓర్పు. ఉర్దూలో స్వేదనానికి ఆయన చెప్పే మాట తఖ్తీర్. నేను ఆ తర్వాత తెలుగులో ఎన్నిసార్లు ఆ పాఠం చెప్పినా నా చెవిలో ఆ మాట మోగేది.

ఇన్స్పెక్టరు గారి రాకకు ముందే ఇంకో దెబ్బ తగిలింది. పొడుగు జడ పిల్ల బడికి రావడం మానేసింది. నేను వాళ్ళ ఇంటికి పోయాను. బాయి దగ్గర పనివాళ్ళకు కట్టిన వరస ఇళ్ళలో ఒకటి. వాళ్ళ నాన్న షిఫ్టు దిగి, నీళ్ళు పోసుకొని గడప మీద కూర్చున్నాడు. ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆయన కళ్ళ చుట్టూ కాటుక గీత లాగా బొగ్గు మిగిలింది. రెండు మోచేతుల దాకా చర్మం ముడతలు పడి ఉంది. బాయిలో గ్యాసు అంటుకున్నప్పుడు కాలిందని తర్వాత తెలిసింది. ఆయన నన్ను చూసి లేచి, మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"పంతులమ్మా, నీ మీద నాకు కోపం లేదు. నా బిడ్డ మస్తుగ సదువుతది, నాకెరికే. బాయి నిప్పును సూసినోన్ని నేను. నేను దినాం బాయిల దిగుతున్నదే నా బిడ్డ దిగద్దని. ఇగ బడిల గూడ గదే ఉంటె ఎట్ల?"

"ఇంకోసారి జరగదు" అన్నాను.

"ఎట్ల జరగదు? బాయి మొగదల మమ్ములను రోజు నిలవెట్టి సూస్తరు. బీడీ కట్ట, అగ్గిపెట్టె ఉంటె ఆన్నే గుంజుకుంటరు. సర్దార్ అయినా, సాహెబు అయినా చేతులు లేవాల్సిందే. మీ బడిల గా పాటి అడిగెటోళ్ళు లేరా?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేకపోయాను. లోపల తలుపు చాటున ఆ పిల్ల నిలబడి ఉంది. దానికీ జవాబు తెలుసు. అదీ తండ్రికి చెప్పలేదు. పెద్దసారు మీద నేరం చెప్పిందనే మాట తనకు వద్దనుకుందో, తండ్రి పోయి బడి ముందు కొట్లాడతాడని భయపడిందో, నేనెప్పుడూ అడగలేదు.

"ఇన్స్పెక్టరు వచ్చే రోజు దాకా పంపండి" అన్నాను. "ఆ రోజు మీరే వచ్చి చూడండి. చూశాక మీ ఇష్టం."

"గంత దాంక తోలుత. గానాడు షిఫ్టు దిగి సీదా బడికే వస్త. బిడ్డ సర్టిఫికెట్టు తీస్కొని, బిడ్డను తోల్కొని పోత. సూసుడేం లేదు" అన్నాడు.

ఇంటికి వస్తూ దారిలో బాయి ముందు ఆగాను. రోజూ చూస్తున్నదే. షిఫ్టు ఎక్కే మనుషులు వరసగా వచ్చి చేతులెత్తి నిలబడటం, తనిఖీ మనిషి జేబులు తట్టి చూడటం, వాళ్ళు ముందుకు పోవడం. ఒక్కరూ విసుక్కోవడం లేదు. ఆ పూట అక్కడ నిలబడి నేను నా ప్రయోగమంతా మళ్ళీ కట్టుకున్నాను.

ఈ ఒక్కచోట కొంచెం పని వివరం చెప్పాలి, ఓపిక పట్టండి. మా దగ్గర గ్యాసు స్టవ్వులు లేవు, వేడి అంటే బొగ్గుల కుంపటే. నేను నిప్పును గదిలోకి రానివ్వనన్నాను. కుంపట్లు రెండూ అవతల మైదానం చివర ఉంటాయి. ఒక దాని మీద నీళ్ళు మరుగుతాయి, ఒక దాని మీద ఇనుప మూకుడులో ఇసుక కాగుతుంది. ముందు మరిగే నీళ్ళు మాత్రం మోసుకొచ్చి కుప్పె చుట్టూ పోస్తాం. పెట్రోలు లాంటి తేలిక నూనెలు ఆ వేడికే లేచి వస్తాయి. వాటిని పట్టిన సీసాకు మూత బిగించి బయటికి పంపేశాకే వేడి ఇసుక లోపలికి వస్తుంది, అప్పుడు కిరోసిను వంతు. నీళ్ళు చల్లారుతుంటే మార్చాలి, ఇసుక చల్లారుతుంటే మార్చాలి. మోతకు పిల్లలు కావాలి. పిల్లలున్నారు.

మిగిలింది గుమ్మం. "గుమ్మం దగ్గర ఎవరు నిలబడతారు?" అని అడిగాను. పొడుగు జడ పిల్ల ఎప్పటిలాగే ముందు లేచి నిలబడింది. ఈసారి ఆలోచించే లేచిందనుకుంటాను. మౌల్వీసాబు ఇంటి నుంచి ఒక ఇత్తడి పళ్ళెం తెచ్చారు.

ఇన్స్పెక్టరు గారు మధ్యాహ్నం వచ్చారు. కోస్తా జిల్లాల మనిషి, ఇస్త్రీ చెదరని బట్టలు, జేబులో వెండి సిగరెట్ల డబ్బా. ఊరి పెద్దలు నలుగురు వెంట వచ్చారు. హెడ్మాస్టరు గారు అందరికంటే ముందు నడుస్తున్నారు. నేను లోపల గొట్టం బిగిస్తున్నాను. గుమ్మంలో అందరూ ఆగిపోయారు.

"సార్, అగ్గిపెట్టె, సిగరెట్లుంటే గీ పళ్ళెంల వెట్టి లోపటికి పోండ్రి" అంటోంది పిల్ల.

"నేను లోపల కాల్చనులే అమ్మా" అన్నారు ఇన్స్పెక్టరు గారు నవ్వుతూ.

"కాల్చనని అందరు గట్లనే అంటరు సార్. బాయి మీద గూడ అంటరట. అయినా తీస్కుంటరు."

హెడ్మాస్టరు గారి ముఖం ఎర్రబడింది. "ఏయ్, పక్కకు జరుగు. సారు ఎవరనుకుంటున్నవ్?"

పిల్ల పక్కకు జరగలేదు. పళ్ళెం ఇంకొంచెం ముందుకు చాపింది. నేను గుమ్మం దగ్గరికి వచ్చాను. "సార్, ఈ నియమం నాది. ఈ గదిలో పెట్రోలుంది. ఎవరినైనా ఇలాగే అడగమని నేనే చెప్పాను" అన్నాను.

ఇన్స్పెక్టరు గారు నన్ను చూశారు, తర్వాత పిల్లను చూశారు. ఆయనకు కోపం వచ్చిందో సరదా వేసిందో తెలియని ముఖం. "నేను పెట్టను. అప్పుడేం చేస్తావు?" అన్నారు పిల్లతో.

"పోయినపారి గూడ ఒకలు వెట్టలే సార్. పర్ద కాలింది. నా జడ కాలింది. మేం జేసినమన్నరు."

"ఎవరా ఒకరు?"

పిల్ల నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. "గా మాట నేను జెప్పద్దు సార్" అంది.

మౌల్వీసాబు పైకప్పు రేకులను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నారు. పెద్దలు ఒకరినొకరు చూసుకుంటున్నారు. నా నాలుక చివర మాట ఉంది. ఇంకొక క్షణం ఆగితే నేనే చెప్పేసేదాన్ని.

హెడ్మాస్టరు గారు జేబులో చేయి పెట్టారు. సిగరెట్టు పెట్టె తీశారు. అగ్గిపెట్టె తీశారు. రెండూ పళ్ళెంలో పెట్టారు, పళ్ళెం చిన్నగా మోగింది.

"గా ఒకన్ని నేనే సార్. గిన్నెల పెట్రోలున్నదని నాకు తెల్వదు. తెల్సుకుందామని గూడ సూడలే. పిల్లలది తప్పేం లేదు. గీ మాట నేను ఎన్నడో చెప్పాలె." తర్వాత ఊరి పెద్దల వైపు తిరిగి, "మీకు సుత చెప్తున్న" అన్నారు.

ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. అందరి ముందు ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమయిందో ఆయన మెడ మీద చెమట చూస్తే తెలుస్తోంది. ఇన్స్పెక్టరు గారు వెండి డబ్బా తీసి పళ్ళెంలో పెట్టారు. పెద్దలు కూడా ఒక్కొక్కరే చుట్టలూ బీడీలూ తీసి పెట్టి లోపలికి వచ్చారు. పళ్ళెం నిండింది.

ప్రయోగం మొదలుపెట్టాం. పిల్లలు మైదానం అవతల నుంచి మరిగే నీళ్ళ చెంబులు గుడ్డలు చుట్టి మోసుకొస్తున్నారు, నేను పోస్తున్నాను. కుప్పెలో నల్లటి చమురు కదులుతోంది. గొట్టంలో రంగు గాజుల మీద మసక ఆవిరి పైకి పాకి, మళ్ళీ జారి, మళ్ళీ పాకుతోంది. చుక్క మాత్రం రావడం లేదు. ఇన్స్పెక్టరు గారు చేతి గడియారం చూసుకున్నారు. పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నారు. "సబర్" అని మౌల్వీసాబు నాకు మాత్రమే వినపడేలా అన్నారు. నాకు తొందర లేదు. నీళ్ళు మార్చాను, ఇంకోసారి మార్చాను.

చుక్క పడింది. నీళ్ళ లాగా తేటగా ఉంది. కుప్పెలో ఉన్న నల్లటి దానికీ దానికీ చుట్టరికమే లేదన్నట్టు ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టబోయి, ఇన్స్పెక్టరు గారిని చూసి ఆగిపోయారు. ఆయనే ముందు చప్పట్లు కొట్టారు.

"ఇది నిజమైన ముడి చమురేనా?" అని అడిగారాయన.

"కాదు సార్, నేను కలిపింది. ఇక్కడ ముడి చమురు దొరకదు."

"టీచరే కలిపింది, టీచరే ఇడదీస్తది సార్" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన పకపకా నవ్వారు. తర్వాత ఒక్కో పిల్లనూ పిలిచి గాజు ముక్కలెందుకని, నీళ్ళెందుకని, నిప్పు ఎందుకు దూరమని అడిగారు. అందరూ చెప్పారు. కొందరు పుస్తకం మాటల్లో, కొందరు ఇంటి మాటల్లో చెప్పారు. ఒక పిల్ల "తేలికది తొందరవడి పోతది సార్, బరువుది ఎనుకవడి మల్ల కింద వడ్తది" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేదు. ఆయన అక్కడే, అందరూ వింటుండగా, "ఈ సైన్సు క్లాసును ఎవరైనా తీసేస్తామంటే నా దగ్గరికి పంపండి" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆవిరి కళ్ళలో పడిందని చెప్పి తుడుచుకున్నాను. ఆవిరి అవతల గొట్టంలో ఉంది, అయినా ఎవరూ ప్రశ్నించలేదు.

గెలిచామని అందరూ అనుకున్నారు. గుమ్మంలో ఉన్న పిల్ల మాత్రం లోపలి చప్పట్లకు నవ్వలేదు. బయటి దారి వైపే చూస్తోంది. దాని సంగతి ఇంకా తేలలేదు.

మూత బిగించిన సీసా బయటికి పోయింది. వేడి ఇసుక లోపలికి వచ్చింది. రెండో నూనె కొంచెం పచ్చగా, నెమ్మదిగా దిగుతోంది. అప్పుడు బాయి కూత వినపడింది. షిఫ్టు దిగింది. నా చేయి ఇసుక దగ్గరే ఉంది కానీ చెవులు వరండాలో ఉన్నాయి.

ఆయన వచ్చాడు. అన్నట్టే ఇంటికి పోకుండా సీదా వచ్చాడు. తల నుంచి పాదాల దాకా బొగ్గు, తెల్లగా కనిపించేవి కళ్ళు మాత్రమే. చేతిలో అన్నం టిఫిను. లోపల ఇన్స్పెక్టరును, పెద్దలను చూసి వరండాలోనే ఆగాడు.

"పా బిడ్డా" అన్నాడు. "సర్టిఫికెట్టు మల్ల తీస్కుందం."

"లోపటికి వచ్చి సూడు బాపు."

"సూసుడేం లేదన్న గద."

"పంతులమ్మ కాడ నిప్పు లేదు బాపు. నిప్పు మైదానంల ఉన్నది. ఎవలనూ అగ్గిపెట్టెతోని పోనిస్తలేను. గా ఇన్స్పెక్టరు సారును సుత పోనియ్యలే. పెద్దసారును సుత పోనియ్యలే." పిల్ల పళ్ళెం గడప మీద దించింది. "గీడ నేనున్న బాపు."

ఆయన పళ్ళెం వైపు చూశాడు. వెండి డబ్బా, సిగరెట్టు పెట్టెలు, చుట్టలు, అగ్గిపెట్టెలు కుప్పగా ఉన్నాయి. తర్వాత కూతురి ముఖం చూశాడు. టిఫిను కింద పెట్టాడు. రెండు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడి, కాలిన రెండు చేతులూ పైకెత్తాడు.

పిల్ల కదల్లేదు. తండ్రి తన ముందు చేతులెత్తి నిలబడతాడని అది ఎన్నడూ అనుకొని ఉండదు. "సూడు బిడ్డా" అన్నాడాయన మెల్లగా. "సక్కగ సూడాలె. నడుం కాడ గూడ సూడాలె."

అది ముందుకు వచ్చి తండ్రి చొక్కా జేబు తట్టింది, రెండో జేబు తట్టింది, నడుము చుట్టూ చేతులు పోనిచ్చింది. బీడీ కట్ట దొరికింది, అగ్గిపెట్టె దొరికింది. రెండూ పళ్ళెంలో పెట్టింది. దాని రెండు అరచేతులూ నల్లబడ్డాయి. గొట్టం కొసన పెట్టిన థర్మామీటరు ఆ క్షణంలో ఎంత చూపించిందో ఈ రోజుకీ నాకు తెలియదు. నేనొక్కదాన్నే కాదు, ఆ గదిలో ఒక్కరూ చమురు వైపు చూడటం లేదు.

ఆయన లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే మసి అవుతుందని కూర్చోలేదు. ఆఖరి చుక్క దాకా చూశాడు. తర్వాత మైదానంలో మూడు పింగాణీ పలకల మీద మూడు నూనెలూ పోసి, ఏది ఎలా అంటుకుంటుందో చూపించాం. పెట్రోలు భగ్గుమంది, కిరోసిను ఆలోచించి అంటుకుంది, కుప్పె అడుగున మిగిలిన మూడోది పుల్ల ఆరిపోయేదాకా పట్టుకోలేదు. ఆయన ఆ మంటలను అందరికంటే దూరంగా నిలబడి చూశాడు, కూతుర్ని తన వెనక్కు లాక్కొని చూశాడు.

అందరూ పోయేటప్పుడు పళ్ళెం దగ్గర ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. హెడ్మాస్టరు గారి అగ్గిపెట్టె మాత్రం అందులోనే మిగిలింది. మరునాడు ఇవ్వబోతే, "ఆన్నే ఉండనియ్యమ్మా" అన్నారు. ఆయన సిగరెట్లు మానలేదు, నేను అబద్ధం చెప్పను. కానీ సైన్సు గది గుమ్మం దగ్గరికి వస్తే చేతులు వాటంతట అవే జేబుల్లోకి పోయేవి.

పిల్ల తండ్రి తన బీడీ కట్ట తీసుకొని, టిఫిను ఎత్తుకున్నాడు. సర్టిఫికెట్టు మాట ఎప్పుడు ఎత్తుతాడా అని నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన నా వైపు చూడకుండా కూతుర్ని అడిగాడు.

"గిసుంటిది మల్ల ఎన్నడున్నది?"

"సోమారం బాపు."

"గుమ్మం కాడ ఎవలుంటరు?"

"నేనే."

ఆయన రెండడుగులు వేసి వెనక్కు తిరిగాడు.

"అయితె సోమారం జర జల్ది లేవాలె బిడ్డా. తనికీ జేసెటోళ్ళు అందరికన్న ముందుండాలె."